ఒకే గొంతు, పెక్కు మాటలు: లినక్స్ కంప్యూటరులో ధ్వనుల తగవు తీరిన చరిత్ర

ఇంట రేడియో ఉన్నవారికి ఒక సంగతి చెప్పకయే తెలియును. ఒక రేడియోలో ఒక వేళకు ఒక కేంద్రమే వినవచ్చును. తాతగారికి వార్తలు కావలెను, పిల్లలకు పాటలు కావలెను; మీట ఎవరి చేతిలో నున్నచో వారిదే పైచేయి. కాని అదే రేడియోలో వచ్చు ఒక్క నాటకములో ఎన్ని ధ్వనులు కలసియున్నవో గమనింతము. నాయిక మాట, వెనుక వీణ, దూరమున ఉరుము, దగ్గర తలుపు చప్పుడు - ఇవి ఒకదాని నొకటి త్రోసివేయక, ఒకే స్పీకరు గుండ ఒద్దికగా వచ్చుచున్నవి. ప్రసార కేంద్రమున అద్దము వెనుక మిక్సరు బల్ల ముందు ఒకరు కూర్చుండి, ఏ ధ్వని ఎంత ఎత్తున ఉండవలెనో నిర్ణయించి, అన్నింటిని ఒక్క ధారగా కలుపుటయే దీనికి కారణము.

కంప్యూటరులో ఆ బల్ల ముందు కూర్చుండువా రెవరు? లినక్స్ అను వ్యవస్థలో ఈ ప్రశ్నకు కుదురైన సమాధానము దొరకుటకు దాదాపు ముప్పది యేండ్లు పట్టినది. ఈ కథ యంత్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు. ఒకే వస్తువును పలువురు పంచుకొనవలసినచోట తగవు ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును, ఎట్లు తీరును అను విషయమునకు ఇది చక్కని నిదర్శనము. అందుచేత ఆ చరిత్రను మొదటినుండి పరిశీలింతము.

లినక్స్‌ను ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో లోకమునకు అందించిరి. అది యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడపు మూలవ్యవస్థ. దాని నడిబొడ్డునకు కెర్నెల్ అని పేరు. ఆ కాలమున కంప్యూటరుతో పాట వినవలె నన్నచో సౌండు కార్డు అను ప్రత్యేకమైన పలకను కొని యంత్రములో అమర్చుకొనవలసి యుండెడిది. సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో వెలువరించిన సౌండ్ బ్లాస్టర్ వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ కార్డును లినక్స్‌లో పలికించు డ్రైవరును 1992లో హన్ను సవొలైనెన్ రచించిరి. ఆయనయు ఫిన్లాండు వారే. కాలక్రమమున ఆ పని పెరిగి ఓపెన్ సౌండ్ సిస్టమ్ అను పేర స్థిరపడినది.

యూనిక్స్ సంప్రదాయము ననుసరించి లినక్స్‌లో పరికరములుకూడ ఫైళ్ల రూపముననే కనిపించును. ఓపెన్ సౌండ్ సిస్టమ్‌లో ధ్వనికి 'డెవ్ డీఎస్పీ' అను ఫైలు ద్వారముగా నుండెను. ప్రోగ్రాము ఆ ఫైలును తెరచి, ధ్వనిని అంకెలుగా మార్చి అందులో వ్రాసినచో, స్పీకరు పలికెడిది. ఇంతకంటె సులభమైన పద్ధతి లేదు. కాని చాల కార్డులపై ఒక ప్రోగ్రాము ఆ ద్వారమును తెరచియుండగా రెండవది తెరవబోయినచో, 'పరికరము వేరొక పనిలో ఉన్నది' అను జవాబు వచ్చెడిది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చట అక్షరాల నిజమైనది.

మొదట ఇది ఎవరికిని పెద్ద లోపముగ తోచలేదు. ఆనాటి కంప్యూటరు ఒక వేళకు ఒక ఆటనో ఒక పాటనో వినిపించినచో చాలు ననుకొనిరి. ఉత్తరము వచ్చినదని తెలుపు చిన్న గంట మ్రోగకపోయినను కొంప మునుగదు గదా! కాని అందరి విషయమున అది అట్లు కాదు. కన్నులు లేనివారికి కంప్యూటరు తెరపై నున్నది చదివి వినిపించు ప్రోగ్రాములు కలవు. వారికి ధ్వని వినోదము కాదు. అదియే తెర, అదియే అక్షరము, అదియే దారి. భారతదేశమున జన్మించిన టి. వి. రామన్ 1995లో లినక్స్‌పై వెలువరించిన ఈమాక్స్‌పీక్ ఈ విషయమున తొలి కృషులలో నొకటి. అది మొదట డెక్‌టాక్ అను విడి పరికరము ద్వారా మాటాడెడిది. విడి పరికరమునకు విడి గొంతు ఉండుటచే తగవు లేదు. తరువాత విడి పరికరముల అవసరము తగ్గి, ఉచ్చారణను ప్రోగ్రాములే నిర్మించి సౌండు కార్డునకు పంపుట ఆరంభమైనది. ఖర్చు తగ్గినది, కాని ఆపద పెరిగినది. ఒక పాట కార్డును పట్టుకొన్నచో, చదివి వినిపించు గొంతు మూగవోవును. పాటను ఆపవలె నన్నను మీట ఎచ్చట నున్నదో చెప్పువారు లేరు. ఈ తగవు తీర్చుట ఎంత ముఖ్యమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

రెండు ధ్వనులను కలుపుట యన నేమి? కంప్యూటరులో ధ్వని అంకెల వరుస. సామాన్యముగ సెకనునకు 44,100 లేక 48,000 పర్యాయములు ధ్వనితరంగపు ఎత్తును కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాయుదురు. పదునారు బిట్ల పద్ధతిలో ఆ అంకె -32,768 మొదలు 32,767 వరకు ఉండవచ్చును. రెండు ధ్వనులను కలుపుట యనగా ఆ క్షణపు రెండంకెలను కూడుటయే. కాని ఒకదాని ఎత్తు 20,000, రెండవదాని ఎత్తు 20,000 అయినచో మొత్తము 40,000 అగును. అది హద్దు దాటినది. హద్దు మీరిన భాగమును ఖండించినచో తరంగపు శిఖరము తెగి, వినువారికి గరగరమను చప్పుడు వినబడును. కావున కలుపువాడు కూడుట యెరిగినంత మాత్రమున చాలదు. తగ్గింపవలసినచోట తగ్గింపను నేర్వవలెను. ఒక ధ్వని 44,100 లెక్కన, మరియొకటి 48,000 లెక్కన వచ్చినచో, ముందు రెండింటిని ఒకే లెక్కకు తేవలెను. ఇదంతయు తడవు లేక జరుగవలెను. అంకెలు అందుట క్షణకాలము ఆలస్యమైనను ధ్వని తెగి టపటపమనును.

ఈ పని ఎచ్చట జరుగవలెను? మూడు చోట్లు కనబడినవి. మొదటిది సౌండు కార్డే. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ వంటి కార్డులు అనేక ధ్వనులను తామే కలుపగలిగినవి. అట్టి కార్డున్న ఇంట తగవు లేదు. కాని 1997లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏసీ-97 పద్ధతి ననుసరించి చవుకగా కంప్యూటరులోనే ఇమిడి వచ్చిన ధ్వనిపరికరములు లోకమంతట వ్యాపించినవి. వానిలో పెక్కింటికి ఆ నేర్పు లేదు. రెండవ చోటు కెర్నెల్. కొన్ని ఇతర వ్యవస్థలు ఆ మార్గమున నడచినవి. ఫ్రీబీఎస్‌డీలో కెర్నెలే ధ్వనులను కలుపుచున్నది. లినక్స్ పెద్దలు దీనికి ఇష్టపడలేదు. దశాంశపు లెక్కలతోడి ధ్వనిసంస్కారము కెర్నెల్ పని కాదని వారి అభిప్రాయము. మూడవది, ప్రోగ్రాములకును కెర్నెలునకును నడుమ మరియొక ప్రోగ్రామును నిలుపుట. దానికి ధ్వని సర్వరని పేరు. ప్రోగ్రాములన్నియు తమ ధ్వనిని సర్వరున కిచ్చును. సర్వరు వానిని కలిపి కార్డున కిచ్చును. ప్రసార కేంద్రపు మిక్సరు బల్ల ఇదే.

1990ల చివర ఇట్టి సర్వర్లు పుట్టినవి. గ్నోమ్ అను తెరవ్యవస్థవారు ఈసౌండ్ అను దానిని వాడిరి. కేడీఈ అను రెండవ తెరవ్యవస్థవారు 2000లో వెలువడిన తమ రెండవ కూర్పులో స్టెఫాన్ వెస్టర్‌ఫెల్డ్ రచించిన ఆర్ట్స్‌ను చేర్చిరి. ఇచ్చటనే కథలోని విడ్డూరము. తగవు తీర్చ వచ్చిన మధ్యవర్తులిద్దరైరి. ఈసౌండ్ కార్డును పట్టుకొన్నచో ఆర్ట్స్‌కు చోటు లేదు. ఆర్ట్స్ పట్టుకొన్నచో ఈసౌండ్‌కు చోటు లేదు. ఈ రెండింటి భాషలును తెలియని పాత ప్రోగ్రాములకు ఎవరి యొద్దను చోటు లేదు. వానిని మభ్యపెట్టి, 'డెవ్ డీఎస్పీ'కి పోవు మాటను సర్వరు వైపు మరలించు చిన్న ఉపాయములు పుట్టినవి. అవి కొన్నింట పనిచేసినవి, కొన్నింట చేయలేదు. ఇద్దరి తగవు తీర్చుటకు ఇద్దరు తీర్పరులు కూర్చున్న పంచాయతీ ఎట్లుండునో, నాటి లినక్స్ ధ్వని అట్లుండెను.

ఇంతలో క్రింది అంతస్తున మరియొక మార్పు జరిగెను. చెకు దేశస్థుడైన యారోస్లావ్ కిసెలా, గ్రేవిస్ అల్ట్రాసౌండ్ అను కార్డు నిమిత్తము ప్రారంభించిన పనినుండి 1998లో ఆల్సా అను క్రొత్త డ్రైవరు వ్యవస్థ రూపొందెను. అది 2002లో కెర్నెల్ అభివృద్ధిశాఖలో చేరి, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కూర్పున ఓపెన్ సౌండ్ సిస్టమ్ స్థానమును ఆక్రమించెను. ఆల్సాతోకూడ డీమిక్స్ అను కలుపు సాధనము వచ్చినది. దానివలన ప్రత్యేక సర్వరు లేకయే పెక్కు ప్రోగ్రాములు కలసి పలుకగలిగినవి. అయినను పాత ప్రోగ్రాముల కొరకు ఆల్సా కెర్నెల్లో ఉంచిన పాత ద్వారము డీమిక్స్‌ను దాటి నేరుగా కార్డునకే పోవుచుండెను. క్రొత్తవారందరు బల్ల చుట్టు మర్యాదగా కూర్చుండగా, పాతవాడొకడు దొడ్డిదారిన వచ్చి గొంతు పట్టుకొనినట్లయినది.

సంగీతజ్ఞుల అవసరము వేరు. పాట రికార్డు చేయువారికి తీగ మీటిన క్షణముననే ధ్వని చెవికి వినబడవలెను. సెకనునకు 48,000 కొలతల లెక్కన 1,024 కొలతలు కూడువరకు ఆగినను సెకనులో దాదాపు ఏబదవ వంతు గడచును. వాద్యకారునకు ఆ మాత్రము ఆలస్యముకూడ తాళము తప్పించును. ఈ యవసరమునకై పాల్ డేవిస్ జాక్ అను సర్వరును నిర్మించిరి. ఒక ప్రోగ్రాము నోటిని మరియొక ప్రోగ్రాము చెవికి తీగతో కలిపినట్లు ఇందులో కలుపవచ్చును. కాని జాక్‌నకు కార్డు పూర్తిగా తన చేతిలో నుండవలెను. ఆ విధముగా మరియొక కత్తి ఒర ముందు నిలిచెను.

ఈ స్థితిలో 2004లో జర్మనీ దేశమున లెన్నార్ట్ పొయెటరింగ్ క్రొత్త సర్వరును ఆరంభించిరి. పోలిప్‌ఆడియో అను తొలి పేరు 2006లో పల్స్‌ఆడియోగా మారెను. ప్రతి ప్రోగ్రామునకు వేరు వేరుగా ధ్వని హెచ్చింప తగ్గింప వీలు, పలుకుచున్న పాటను మధ్యలోనే స్పీకరునుండి హెడ్‌ఫోనునకు మార్చు వీలు, ఫోను వచ్చినచో పాట తానే ఆగు ఏర్పాటు - ఇవన్నియు ఇందులో క్రమముగ సమకూరినవి. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిలులో ఉబుంటు 8.04 దీనిని అందరికిని పెట్టియిచ్చెను.

పిమ్మట జరిగినది పల్స్‌ఆడియో కర్తలు కోరినది కాదు. చాలమంది ఇండ్లలో ధ్వని తెగిపోయినది, కొందరి ఇండ్లలో ఆగిపోయినది. పల్స్‌ఆడియోను తొలగించుటయే మందని అనేకులు నమ్మిరి. నేడు న్యాయముగ ఆలోచించినచో నింద యంతయు దానికే చెందదు. 2008లో అది క్రొత్త పద్ధతి నవలంబించినది: కార్డు మాటిమాటికి లేపుటకు బదులు, పెద్ద నిలువను ఒక్కసారి నింపి, గడియారమును చూచి తానే సమయమునకు లేచుట. ఇందువలన విద్యుత్తు ఆదా యగును. కాని 'ఇప్పటికి ఎంత పలికితిని' అని కార్డు చెప్పు లెక్క సరిగా నుండవలెను. ఆవరకు ఆ లెక్కను ఎవరును అంతగా నమ్మి వాడలేదు గనుక, చాల డ్రైవర్లలోని తప్పులు దాగియుండెను. అవన్నియు ఒక్కసారి బయటపడినవి. అయినను వినువానికి కారణముతో పని యేమి? చిన్న గుంపు చేత పరీక్షింపబడవలసినది లక్షల ఇండ్లకు ముందే చేరినది. చూపులేనివారి కష్టము ఇంకను ఎక్కువ. కన్సోలుపై చదివి వినిపించు గొంతు యంత్రము తరపున నడచుచుండగా, పల్స్‌ఆడియో ఇంటివాని తరపున నడచుచు కార్డును పట్టుకొనెడిది. యంత్రము తెరపై అక్షరములు చూపుచునే యుండెను. వినవలసినవానికి మాత్రము అది నిశ్శబ్దముగ నుండెను.

డ్రైవర్లు క్రమముగా చక్కబడినవి. 2009లో చిన్నదైనను గొప్పదైన ఒక ఒప్పందము కుదిరెను. పల్స్‌ఆడియో, జాక్ వంటివి కార్డును పట్టుకొనుటకు ముందు ఒక ఉమ్మడి చోట తమ పేరు వ్రాయవలెను. వేరొకరికి అత్యవసరమైనచో వారు మర్యాదగా అడుగుదురు. తక్కువ యవసరము గలవాడు కార్డును వదలవలెను. ఇందులో గొప్ప యంత్రశాస్త్రము లేదు. ఉన్నది ఇరుగుపొరుగు నీతి. మీదుమిక్కిలి బలము గల సర్వరు సాధింపలేని దానిని ఒక్క మర్యాదసూత్రము సాధించినది. కాని ఇదియు సంధియే గాని ఐక్యము కాదు. జాక్ పలుకునంతసేపు, ఆ రెండింటిని కలుపు ప్రత్యేకమైన ఏర్పాటు లేనిచో, పల్స్‌ఆడియో మౌనముగ నుండవలసినదే.

ఐక్యము మరియొక దిక్కునుండి వచ్చెను. జీస్ట్రీమర్ అను మాధ్యమ వ్యవస్థ నిర్మాతలలో నొకరైన విమ్ టేమన్స్, రెడ్ హ్యాట్ సంస్థలో 2015 ప్రాంతమున ఒక పని ప్రారంభించిరి. కెమెరా బొమ్మను ఒకే సమయమున పలు ప్రోగ్రాములకు పంచుట దాని తొలి ఉద్దేశము. కెమెరాకును కార్డునకును వచ్చిన చిక్కు ఒక్కటియే గదా! ఆ పని విస్తరించి 2017లో పైప్‌వైర్ అను పేర ప్రకటితమై, ధ్వనినికూడ స్వీకరించెను. 2021 ఏప్రిలులో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 దీనిని ప్రధాన ధ్వని సర్వరుగా గ్రహించినవి. 2023 నవంబరులో 1.0 కూర్పు వెలువడెను.

పైప్‌వైర్ ఎందుచేత నెగ్గెను? అది అందరికంటె బలమైన దగుటచేత అని మేము తలపము. దానికి ముందు వచ్చిన సర్వర్లు చాలవరకు ప్రోగ్రాములను తమ భాష నేర్చుకొను మన్నవి. పైప్‌వైర్ తానే వాని భాషలను నేర్చెను. పల్స్‌ఆడియో కొరకు వ్రాసిన ప్రోగ్రాము దానితో పల్స్‌ఆడియో భాషలో మాటాడును. జాక్ కొరకు వ్రాసినది జాక్ భాషలో మాటాడును. ఆల్సా మాత్రమే తెలిసినది ఆల్సా భాషలో మాటాడును. ఎవరును తమ ఇల్లు విడువనక్కరలేదు. వాద్యకారునకు కావలసిన స్వల్పమైన ఆలస్యమును, పాట వినువానికి కావలసిన నిలకడయు ఒకే బల్ల వద్ద దొరకినవి. ఏ ధ్వని ఎచ్చటికి పోవలెనను తీర్పును వైర్‌ప్లంబర్ అను విడి ప్రోగ్రామునకు అప్పగించి, కలుపుట వేరు, తీర్పు వేరు అని విభజించుటకూడ మంచి యోచనయే. పైగా పల్స్‌ఆడియో వలన పదియేండ్లకు పైగా చక్కబడిన డ్రైవర్లు దీనికి వారసత్వముగ లభించినవి. ముందు నడచినవాని కాలికి గ్రుచ్చుకొనిన ముండ్లు వెనుక వచ్చువాని దారిలో లేవు. ఈ ఋణమును చరిత్ర మరువరాదు.

నేడు లినక్స్ గల ఇంట ధ్వని తగవు కనబడినచో చూడవలసినవి ఈ చరిత్రయే చెప్పుచున్నది. మొదటిది, ఒకే యంత్రములో ఇద్దరు తీర్పరులు కూర్చుండరాదు. పల్స్‌ఆడియో సర్వరును పైప్‌వైర్‌ను ఒకేసారి నడుపక ఒక్కదానినే ఉంచవలెను. రెండవది, ఏదైన ప్రోగ్రాము నేరుగా కార్డునే కోరునట్లు అమర్చబడియున్నదేమో చూచి, దానిని సామాన్యమైన మార్గమునకు మరల్పవలెను. మూడవది, పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అను చిన్న ప్రోగ్రాము తెరచి, ప్రతి ధ్వనియు ఏ స్పీకరునకు పోవుచున్నదో, ఎంత ఎత్తున నున్నదో పరికింపవలెను. ఆ ప్రోగ్రాము పైప్‌వైర్‌తోకూడ పనిచేయును. ధ్వని పోయినదని మనము తలచు పెక్కు సందర్భములలో అది వేరొక స్పీకరునకు పోయియుండును.

ఈ చరిత్ర తెలుగువారికిని దూరమైనది కాదు. ఈస్పీక్ ఎన్‌జీ అను ఉచ్చారణ ప్రోగ్రామునకు తెలుగుకూడ వచ్చును. ఓర్కా వంటి తెర చదువరితో కూడినచో, చూపులేని తెలుగు విద్యార్థి తన భాషలోని పాఠమును లినక్స్ కంప్యూటరు నోట వినగలడు. ఆ ఉచ్చారణ యంత్రోచ్చారణయే. మన వార్తలు చదువువారి కంఠమాధుర్యము దానికి లేదు. కాని పక్కగదిలోని తమ్ముడు అదే యంత్రమున పాట పెట్టినను, ఆ గొంతు ఆగిపోదు. పాట పలుకును, పాఠమును పలుకును. ముప్పది యేండ్ల వాదములు, నిందలు, సంధులు కలసి సాధించిన ఫలము ఇదియే. కత్తులు తగ్గలేదు, ఒరయే వెడల్పైనది.